పగిలిన ఓడల తిరనాళ్ళు

అనగా అనగా సముద్రం అంచున ఒక రాజ్యం. ఆ రాజ్యానికో రాజు. ఆయన పేరు కీర్తికేతు. ధర్మం తప్పనివాడు, పూటపూటా దేవుడికి దణ్ణం పెట్టుకునేవాడు, చేయి చాపిన వాడికి లేదనని వాడు. అన్నీ మంచి గుణాలే. పిచ్చి మాత్రం ఒకటుంది. ఎక్కడ కాస్త చదునైన చోటు కనపడినా తన పేరు చెక్కించేవాడు.

కోట తలుపు మీద కీర్తికేతు. కొలువు స్తంభం మీద కీర్తికేతు. పట్టపుటేనుగు దంతం మీద కీర్తికేతు. చివరికి వంటింట్లో అప్పడాల పీటను కూడా వదల్లేదు. ఆ రోజునుంచి ఆ ఇంట్లో ఒత్తిన ప్రతి అప్పడం మీదా రాజుగారి పేరు అచ్చుపడేది.

"మిమ్మల్ని నూనెలో వేయించి నమలాలంటే నాకు మనసొప్పడం లేదండీ," అని రాణిగారు మొత్తుకునేది. వింటేనా!

ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు భద్రకేతు. నడిమివాడు వజ్రకేతు. చిన్నవాడు నీలకేతు. తండ్రి పిచ్చి పెద్దవాళ్ళిద్దరికీ పట్టింది. తండ్రి వదిలిన రాయి మీద పెద్దవాడు, పెద్దవాడు వదిలిన రాయి మీద నడిమివాడు చెక్కుకున్నారు. మూడోవాడు పుట్టేసరికి రాజ్యంలో ఖాళీ రాయి లేదు. పాపం, వాడి పేరు ఎక్కడా లేదు. లోపల కొంచెం బాధగానే ఉండేది, పైకి అనేవాడు కాదు.

ఒకనాడు బేరగాళ్ళు ఒక కబురు తెచ్చారు. ఏడో సముద్రం మధ్యలో ఒక దీవి ఉందట. అక్కడ మూడు పగిలిన ఓడలు పడి ఉన్నాయట. వాటిని చూడటానికి లోకం లోకం తరలిపోతోందట. ఆ తిరనాళ్ళు నడిపేవాడు కంకాళభట్టు అనే మాంత్రికుడట.

పెద్దవాడు లేచాడు. "మన వంశం పేరు లేని చోటు అదొక్కటే మిగిలింది నాన్నగారూ! చూసొస్తాను," అని వెళ్ళాడు. రాలేదు.

నడిమివాడు లేచాడు. "అన్నయ్య దారి తప్పి ఉంటాడు. చూసొస్తాను," అని వెళ్ళాడు. రాలేదు.

అప్పుడు రాణిగారు చిన్నవాణ్ణి పిలిచింది. కళ్ళు తుడుచుకుంది. "నాయనా, నువ్వెళ్ళు. కానీ చూసి రావడానికి వెళ్ళకు. చూడటానికి వెళ్ళిన వాళ్ళ సంగతి చూస్తూనే ఉన్నాంగా! తీసుకురావడానికి వెళ్ళు."

నీలకేతు తల్లి కాళ్ళకు మొక్కి ఓడెక్కాడు.

ఏడు సముద్రాలంటే ఏమనుకున్నారు? మొదటిది ఉప్పు సముద్రం, అది మనకు తెలిసిందే. రెండోది చెరకురసం. ఓడకు చీమలు పట్టాయి. మూడోది కల్లు సముద్రం. అది దాటేసరికి ఓడవాళ్ళలో సగం మంది పాడుతున్నారు, సగం మంది ఏడుస్తున్నారు, చుక్కాని దగ్గర ఎవడూ లేడు. నాలుగోది నెయ్యి. తెడ్డు చేతిలో నిలిస్తే ఒట్టు. ఐదోది పెరుగు. పదిరోజులు ఓడ అంగుళం కదల్లేదు. దిగి కవ్వాలతో చిలికితే గానీ దారి ఇవ్వలేదు. ఆరోది పాలసముద్రం. అక్కడ శ్రీమన్నారాయణుడు శేషుడి మీద పవళించి ఉంటాడు కదా, అందరూ నోళ్ళకు గుడ్డలు కట్టుకుని, తెడ్లు చప్పుడు కాకుండా వేశారు. నీలకేతు దూరం నుంచే చేతులు జోడించి, "స్వామీ, మా అన్నలు," అన్నాడు. అంతే అన్నాడు. స్వామికి వివరంగా చెప్పాలా?

ఏడోది మంచినీళ్ళ సముద్రం. అద్దంలా ఉంది. దాని మధ్యలో దీవి.

మూడు ఓడలూ కనపడ్డాయి. మొదటిది ఒడ్డు మీద ఇసకలో పక్కకు ఒరిగి, పడుకున్న గేదెలా ఉంది. రెండోది రాళ్ళ మీదికెక్కి, నడుం విరిగి, ముక్కు ఆకాశానికి ఎత్తి ఉంది. మూడోది మునిగిపోయింది. అయినా నీళ్ళు అంత తేటగా ఉన్నాయి కనక స్తంభాలతో సహా అడుగున నిలబడి కనిపిస్తోంది. చుట్టూ జనం, పిల్లలు, బూరలు, బుడగలు, మరమరాల బుట్టలు.

రేవు మెట్ల దగ్గర ఒక పొడుగాటి మనిషి, ఎండు చేపలాంటి వాడు, మెడనిండా గవ్వలదండలు వేసుకుని అరుస్తున్నాడు. వాడే కంకాళభట్టు.

"రండి బాబూ రండి! చూడండి బాబూ చూడండి! లోపలికి రావడానికి ఏమీ ఇవ్వక్కర్లేదు. పైగా మేమే ఇస్తాం. ఇదిగో తమలపాకు! ఇదిగో వక్క! ఇదిగో ఉలి!"

"ఉలెందుకు?" అన్నాడు నీలకేతు.

"పేరు చెక్కుకోడానికి! ఓడ మునిగినా పేరు మునగదు రాజకుమారా!"

నీలకేతు తమలపాకు తీసుకున్నాడు. ఉలి దగ్గర చేయి ఒక్క క్షణం ఆగింది. తల్లి మాట గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు.

లోపల, ఇసకలో ఒరిగిన ఓడ మీద, ఒక అమ్మాయి జనానికి ఓడలు చూపిస్తోంది. పేరు పగడాలు. సరంగు కూతురు. సరంగంటే ఓడ నడిపే పెద్ద. ముఖాన పసుపు, చేతిలో వెదురుకర్ర, గొంతు బొంగురుపోయి ఉంది.

"అయ్యా, అమ్మా! ముందు చెప్పులు విప్పండి. చచ్చినా ఓడ ఓడే. ఇక ఇంకో మాట. మామూలుగా ఏ మాటైనా ఒకసారి చెప్తారు. నేను మూడుసార్లు చెప్తాను. మీరు ఎలాగూ వినరని నాకు తెలుసు. పేరు చెక్కకండి. పేరు చెక్కకండి. పేరు చెక్కకండి."

అందరూ బుద్ధిగా తలలూపారు. వెనకనుంచి ఒక లావుపాటి శెట్టిగారు చేయెత్తాడు. "అమ్మాయీ, పూర్తి పేరు వద్దులే. పొడి అక్షరాలు చెక్కుకోవచ్చా?"

పగడాలు కర్రను నేలకేసి కొట్టింది. "వద్దు బాబాయిగారూ!"

ఆమె అటు తిరిగిందో లేదో, ఇటు టకటకా ఉలి చప్పుడు. శెట్టిగారు చెక్కడం పూర్తిచేసి, ఊది, మురిసిపోయి, అడుగు తీయబోయాడు. అడుగు రాలేదు. అరికాళ్ళు బల్లకు అంటుకుపోయాయి.

"ఇప్పుడు కాళ్ళు," అంది పగడాలు నీరసంగా. "మొదటి అమావాస్యకు నడుం దాకా. రెండో అమావాస్యకు మెడ దాకా. మూడో అమావాస్య నాడు పొద్దుగూకేసరికి మనిషంతా చెక్క. ఇంక ఓడలో ఒక బల్ల. ఇంకెవరైనా ఉన్నారా? ఉంటే ఒకేసారి కానివ్వండి, నాకూ ఓపిక లేదు."

అప్పుడు పైనుంచి ఒక గొంతు వినపడింది. "ఒరే తమ్ముడూ! ఇటురా! ఎంతసేపటికీ తల ఎత్తి చూడవేం?"

చూస్తే ఏముంది? ఓడ అంచున పెద్దన్న. మెడ దాకా టేకు చెక్క. పక్కనే నడిమి అన్న. నడుం దాకా చెక్క.

"అన్నయ్యా!" అని నీలకేతు ఏడుస్తూ పరిగెత్తాడు.

"ఏడుపులు తరవాత. నా పేరు చూశావా? కింద గీత కూడా గీశాను. ఎంత నున్నగా వచ్చిందో!"

"నాది ఇంకా లోతుగా వచ్చింది," అన్నాడు నడిమివాడు.

నీలకేతు తల పట్టుకున్నాడు. "అన్నయ్యలూ, మీరు బల్లలైపోతున్నారు!"

"అది వేరే సంగతి," అన్నాడు పెద్దవాడు. అంతలోనే గొంతు తగ్గించాడు. "ఒరే, మూడో అమావాస్య ఎల్లుండే. అమ్మకు చెప్పకు."

నీలకేతు పగడాలు దగ్గరికి వెళ్ళాడు. "అమ్మాయీ, దీనికి విరుగుడు లేదా?"

"ఉంది. అది తెలిసే ఆరేళ్ళుగా ఉడికిపోతున్నాను," అంది పగడాలు. "మా నాన్న కూడా అక్కడే బల్లై ఉన్నాడు. మా ఓడవాళ్ళలో ఒక ఆచారం ఉందండీ. ఓడ ఇంక నడవదు అనుకున్నప్పుడు ఊరికే వదిలేసి రాము. ముక్కుకు పసుపు రాసి, మూడు దోసిళ్ళ నీళ్ళు పోసి, దాన్ని పేరుపెట్టి పిలిచి, 'తల్లీ, మోసినంత మోశావు, ఇక సెలవు' అని సాగనంపుతాం. అప్పుడు ఓడ మనుషుల్ని వదిలేస్తుంది. ఈ మూడింటినీ ఎవరూ సాగనంపలేదు. మూడూ వెళితే గానీ పట్టు వదలదు. అందుకే పేరు చెక్కినవాణ్ణల్లా పట్టుకుని కూర్చుంటాయి."

"మరి సాగనంపవచ్చుగా?"

"పేరు తెలియాలి కదండీ! ఓడ ముక్కు మీద పేరుంటుంది. దాని మీద వచ్చేపోయే వాళ్ళంతా వాళ్ళ పేర్లు చెక్కి చెక్కి ఆ పేరు చెరిపేశారు. మునిగినదాని పేరు నాచు కింద పోయింది. భట్టు ఉలి ఇచ్చేది అందుకే. మూడో ఓడకు నాయకుడు అతనే. మునుగుతుంటే అందరికన్నా ముందు దూకేశాడు. సముద్రం తన ప్రాణం అడుగుతుందని భయపడి, ఆ ప్రాణం తీసి ఓడలోని చిలకలో దాచాడు. ఓడ పేరు పలికి సాగనంపితే అతని ఆట కట్టు."

"పేర్లు తెలిసినవాళ్ళే లేరా?"

"లేకేం! మొదటి ఓడ పేరు ఇసకలో ఎండ్రకాయకు తెలుసు. రెండోదాని పేరు రాళ్ళల్లో తాబేలుకు తెలుసు. మూడోదాని పేరు ఆ చిలక్కే తెలుసు. ఎండ్రకాయను అడిగితే, 'రోజూ ఉండేదానివేగా, రేపు చెప్తాలే' అంటుంది. ఆరేళ్ళ నుంచి రేపే. మీరు వెళ్ళి అడగండి. మీరు ఎల్లుండికి మించి ఉండరు కనక మీకైనా చెప్తుందేమో."

నీలకేతు ఎండ్రకాయ దగ్గరికి వెళ్ళాడు. "ఎండ్రకాయ మామా, ఈ ఓడ పేరేమిటి?"

ఎండ్రకాయ పక్కకు నాలుగడుగులు వేసింది. "పేరంటావా? పేరు సంగతి చెప్పాలంటే ముందు మా మామగారి సంగతి చెప్పాలి."

"ఓడ పేరు మామా!"

"అక్కడికే వస్తున్నా. మా మామగారికి ఎడమ డెక్క లేదు. ఎందుకు లేదో తెలుసా?"

మామగారి డెక్క అయింది. అత్తగారి డెక్క అయింది. తోడల్లుడితో పోట్లాట అయింది. నీలకేతు పళ్ళు కొరుక్కుంటూ, "ఊఁ, ఊఁ" కొడుతూ కూర్చున్నాడు. ఎండ తల మీదికి వచ్చింది, దిగింది.

"ఇన్నేళ్ళకు చివరిదాకా విన్నవాడివి నువ్వొక్కడివే," అంది ఎండ్రకాయ, డెక్కతో కన్ను తుడుచుకుని. "ఓడ పేరు తూర్పుచుక్క."

రెండోరోజు తాబేలు దగ్గరికి వెళ్ళాడు. "తాబేలు తాతా, ఈ ఓడ పేరేమిటి?"

తాబేలు కళ్ళు మూసింది. ఒక కెరటం వచ్చింది, పోయింది. తెరిచింది. "గం," అంది.

ఇంకో కెరటం. "గా," అంది.

"గంగాధరియా?" అన్నాడు నీలకేతు ఆగలేక.

"మధ్యలో అడ్డురాకు నాయనా. మళ్ళీ మొదలుపెట్టాలి. గం..."

నీలకేతు నోట్లో ఉత్తరీయం కుక్కుకున్నాడు. సగం పేరు అయ్యేసరికి జనంలోంచి ఎవడో, "అబ్బ, ఎంత పెద్ద తాబేలో!" అని అరిచాడు. తాబేలు మర్యాదగా, "సంతోషం నాయనా," అని, మళ్ళీ మొదలుపెట్టింది. గం.

రెండోరోజు వెలుగు పోయే ముందు పేరు పూర్తయింది. గంగాభవాని.

మూడోరోజు. అమావాస్య. తెల్లవారేసరికి పెద్దన్న గడ్డం చెక్కైంది. ఉలి కథలూ గీత కథలూ అన్నీ ఆగిపోయాయి. "తమ్ముడూ, కాస్త తొందరగా," అని మాత్రం అన్నాడు.

తాబేలు వీపెక్కి నీళ్ళలో మునిగాడు. ఆ తాబేలు మాట నెమ్మదే కానీ ఈత చురుకు. మూడో ఓడ వంటగదిలో ఒక రాగి గంగాళం బోర్లాపడి ఉంది. దాని లోపల గాలి ఉంది. ఆ గాలిలో, ఒక గరిటె మీద, తడిసి ముద్దయిన చిలక కూర్చుని ఉంది. నీలకేతు గంగాళం కిందనుంచి తల పైకి పెట్టాడు.

"వచ్చావా?" అంది చిలక. "ఇక కానివ్వు. మెడ నులుముతావా, రెక్క విరుస్తావా? ఇంతకుముందు వచ్చిన రాజకుమారులు ముగ్గురూ అంతే. ఏయ్ చిలకా, వాడి ప్రాణం నీలోనేనా అంటారు. మరి నా ప్రాణం ఎందులో ఉందయ్యా? ఒక్కడైనా అడిగాడా? ముగ్గుర్నీ ముక్కుమీద పొడిచి పంపాను."

"చిలకమ్మా," అన్నాడు నీలకేతు. వాడికి ఓపిక పూర్తిగా అయిపోయింది. "నీ మెడ నాకొద్దు. వాడి ప్రాణం నాకొద్దు. మూడు రోజుల నుంచి ఎండ్రకాయ మామగారి డెక్క విన్నాను, తాబేలు తాత నోట్లో అక్షరాలు ఏరుకున్నాను. మా అన్న గడ్డం బల్లైపోయింది. నాకు ఈ ఓడ పేరు కావాలి. అంతే!"

చిలక గరిటె మీద ఇటు జరిగి వాడి మొహంలోకి చూసింది.

"దీని పేరు ఎవరూ అడగలేదు," అంది. "పైకి తీసుకెళ్ళు. గాలిలో చెప్తాను. ఈ పేరు గంగాళం కింద చెప్పేది కాదు."

వంటగదిలోనే ఉన్న ఒక కుండను గాలితో బోర్లించి, అందులో చిలకను పెట్టుకుని పైకి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఒడ్డున కంకాళభట్టు నిలబడి ఉన్నాడు. చిలకను చూడగానే మొహం పాలిపోయింది. అయినా నవ్వాడు. మెల్లగా ఉలి తీసి నీలకేతు చేతిలో పెట్టాడు.

"రాజకుమారా, నీ పేరు ఈ భూమ్మీద ఎక్కడా లేదటగా. మీ నాన్నది ఉంది. అన్నలది ఉంది. నీకే లేదు. ఇదిగో, ఈ రెండో ఓడ స్తంభం, నున్నటి చోటు, నీకోసమే అట్టేపెట్టాను. ఒక్క అక్షరం చాలు. నీ కాళ్ళు అంటుకోకుండా నేను చూస్తాను."

నీలకేతు ఉలి వంక చూశాడు. అబద్ధమెందుకు చెప్పాలి? చిన్నప్పటినుంచి ఉన్న కోరిక. చేతి వేళ్ళు బిగిశాయి. అన్న వంక చూశాడు. అన్న పెదాలు చెక్కైపోయాయి. కళ్ళు మాత్రం ఉన్నాయి. ఆ కళ్ళు వద్దు వద్దంటున్నాయి.

"పొద్దున్నే మా అమ్మ నన్ను పేరుపెట్టి పిలుస్తుంది," అన్నాడు నీలకేతు. "అది చాలు." ఉలి తీసి సముద్రంలోకి విసిరేశాడు.

"పగడాలూ, పసుపు!"

పగడాలు పసుపు కొమ్ము అరగదీసి సిద్ధంగానే ఉంది. మొదటి ఓడ ముక్కుకు రాసింది. నీలకేతు మూడు దోసిళ్ళు పోశాడు. ఇద్దరూ కలిసి, "తూర్పుచుక్కా! తల్లీ, మోసినంత మోశావు. ఇక సెలవు," అన్నారు. ఓడ పెద్దగా నిట్టూర్చింది. పలకలన్నీ సడలాయి.

పరుగున రెండో ఓడకు వెళ్ళారు. "గంగాభవానీ! తల్లీ, మోసినంత మోశావు. ఇక సెలవు." రాళ్ళ మీద ముక్కెత్తి ఉన్న ఓడ మెల్లగా తల దించింది.

మూడో ఓడ నీళ్ళలో ఉంది. పసుపు నీళ్ళలో కలిపారు. దోసిళ్ళు నీళ్ళ మీదే పోశారు. "చెప్పమ్మా," అన్నాడు నీలకేతు.

చిలక గొంతు సవరించుకుంది. తన గొంతుతో చెప్పలేదు. ఒక పడుచు కుర్రాడి గొంతుతో చెప్పింది. ఎన్నో ఏళ్ళ కింద ప్రతి ఉదయం స్తంభం దగ్గర నిలబడి దణ్ణం పెట్టుకున్న గొంతు అది.

"అమ్మా మాణిక్యమ్మా, దరి చేర్చు తల్లీ."

కంకాళభట్టు ఇసకలో కూలబడ్డాడు. ఎందుకంటే మాణిక్యమ్మ అతని కన్నతల్లి పేరు. తల్లి పేరు పెట్టుకున్న ఓడను, అందులో నిద్రపోతున్న మనుషుల్ని వదిలి, అతను దూకేశాడు. ఆ పేరు చెవిన పడకూడదనే ఇన్ని ఉలులు, ఇన్ని తిరనాళ్ళు.

నీళ్ళు రెండుగా చీలాయి. మాణిక్యమ్మ పైకి లేచింది. తెరచాపల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఒడ్డుకు వచ్చి ఆగింది.

భట్టు లేచాడు. మెడలో గవ్వలదండలు ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టాడు. చెప్పులు విప్పాడు. చిలక ఎగిరి వచ్చి అతని భుజం మీద వాలింది. ముక్కుతో అతని నోటికి ఏదో అందించి ఎగిరిపోయింది. అది అతని ప్రాణం. అప్పటికప్పుడు అతను జుట్టు తెల్లబడిన ముసలి సరంగు అయ్యాడు.

"వస్తున్నానమ్మా," అన్నాడు. ఓడెక్కాడు.

"మాణిక్యమ్మా! తల్లీ, మోసినంత మోశావు. ఇక సెలవు," అని పగడాలు ఏడుస్తూ అంది. ఆమెను ఆరేళ్ళు పట్టి ఉంచినవాడికోసం ఎందుకు ఏడ్చిందో ఆమెకే తెలియదు. ఓడ వెనక్కి తిరిగింది, లోతుకు వెళ్ళింది, దిగింది.

సూర్యుడు మునిగాడు. అదే క్షణంలో బల్లలన్నీ మనుషులయ్యాయి. వందలమంది! ఒళ్ళు విరుచుకున్నారు, తుమ్మారు, ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకున్నారు. పగడాలు తండ్రి కూతుర్ని పట్టుకుని వదల్లేదు. భద్రకేతు తమ్ముణ్ణి కావలించుకున్నాడు. వజ్రకేతు ఇద్దర్నీ కావలించుకున్నాడు. ముగ్గురూ చిన్నపిల్లల్లా ఏడ్చారు.

అంతమందినీ ఒకే ఓడలో తీసుకొచ్చారు. దారి పొడుగునా, "ఇంకెంత దూరం?" "నెయ్యి సముద్రం వచ్చిందా?" "కల్లు సముద్రంలో కాస్త ఆపుతారా?" అని ప్రాణాలు తోడేశారు. పాలసముద్రం దగ్గర మాత్రం పసిపిల్లలు కూడా నోరెత్తలేదు. అందరూ చేతులు జోడించారు.

రేవులో రాణిగారు నిలబడి ఉంది. కొడుకుల్ని లెక్కపెట్టుకుంది. ఒకటి, రెండు, మూడు. మళ్ళీ లెక్కపెట్టుకుంది. పక్కనున్న అమ్మాయిని చూసింది. "నువ్వెవరమ్మా?"

"జనానికి మంచి చెప్పి అలిసిపోయినదాన్నండీ," అంది పగడాలు.

"అయితే మన ఇంటి పిల్లవే. రా, కూర్చో, ముందు అన్నం తిను," అంది రాణిగారు.

నెల తిరక్కుండా నీలకేతుకూ పగడాలుకూ పెళ్ళయింది. తండ్రి కిరీటం ఇస్తానంటే పెద్దన్న చేతులు జోడించాడు. "సింహాసనమా! నాన్నగారూ, ఇంక నేను ఒకచోట కదలకుండా కూర్చోలేను. నాకు నడవాలని ఉంది." నడిమివాడూ అదే అన్నాడు. ఇద్దరూ కాశీ నుంచి రామేశ్వరం దాకా కాలినడకన తిరిగి తిరిగి, ఎక్కడ అన్నం పెడితే అక్కడ తిని, దేవుణ్ణి చూసుకుని, సంతోషంగా ఉన్నారు.

నీలకేతు, పగడాలు అరవై ఏళ్ళు రాజ్యం ఏలారు. రేవులో ప్రతి ఓడనూ పేరుపెట్టి పిలిచేవారు. ముసలిదైపోయిన పడవను, చిన్న తెప్పైనా సరే, రాజూ రాణీ స్వయంగా వెళ్ళి పసుపు రాసి సాగనంపేవారు. వానలు కురిశాయి, వలలు నిండాయి, వాళ్ళకు పుట్టిన పిల్లలు పెద్దలయ్యారు.

కథ ఒడ్డు చేరింది. స్వామి దయవల్ల అందరూ క్షేమం. మీరూ దిగండి నాయనలారా, మెల్లగా, ఒకరి వెనక ఒకరు.